చూచితినన్నవారియెడ మన ధర్మము

పరులకు కనబడనిదానిని తాను చూచితినని యొకరు చెప్పినప్పుడు వినువారు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిని పట్టుదురు. కొందరు వెంటనే చేతులు జోడింతురు. మరికొందరు వెంటనే నవ్వుదురు. ఈ యిరుపక్షములవారికిని మిక్కిలి వైరము గలదని లోకము తలచును గాని, మాకు మాత్రము వీరొక్క యింటివారే యని తోచుచున్నది. మ్రొక్కువానికిని పరీక్షించు శ్రమ లేదు, నవ్వువానికిని లేదు. చెప్పినవారు మాత్రము వీరి నడుమ ఒంటిగా నిలిచియుందురు. మన ఊళ్ళలో నొక కోడలికి పూనకము వచ్చినదన్నచో నేమి జరుగునో చదువరులెరుగుదురు. ఒక వాకిట హారతిపళ్ళెము. మరియొక వాకిట వేపమండలు. "అమ్మా, నీకేమి కనబడినది? ఎప్పటినుండి కనబడుచున్నది? వేళకు భోజనము చేయుచున్నావా?" అని యడుగువారు ఆ రెండు వాకిళ్ళయందును కానరారు.

సంస్కారాభిమానులగు మనవారిలో పలువురు నవ్వు పక్షమువారు. అందుకు తగిన కారణము లేకపోలేదు. కలలో అమ్మవారు కనబడి చెప్పినదని ఉన్న చెక్క పొలమును అమ్ముకొన్నవారిని, సోదెగత్తె మాటకు వెరచి మందు మానిపించి బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులను చూడనివారెవరు? ఇట్టి యనర్థములను కన్నులార చూచినవారు దర్శనమను మాట వినగానే ముఖము చిట్లించుకొనుట సహజము. అయినను, నమ్మకుండుటకు మనకు గల స్వాతంత్ర్యము వినకుండుటకు కూడ స్వాతంత్ర్యమగునా యనునది వేరు ప్రశ్న. దీనిని ఊరక తర్కించినచో మాటలు పెరుగునే కాని విషయము తేలదు. కావున నొక జీవితమును ముందుంచుకొని విచారింపదలచితిమి. మనవారి జీవితమును తీసికొన్నచో భక్తియో పక్షపాతమో అడ్డు తగులునని, దూరదేశమున పరమతమున పుట్టిన యొక కన్యాస్త్రీ జీవితమునే యెన్నుకొంటిమి. ఆమె కతోలిక సన్న్యాసిని, పేరు ఫౌస్తీనా.

ఆమె మఠనామమది. తల్లిదండ్రులు పెట్టిన పేరు హెలెనా కోవాల్స్కా. 1905వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీని పోలండు దేశపు గ్లోగోవియెట్స్ అను పల్లెలో జన్మించెను. నాడా ప్రాంతము రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి వడ్రంగము చేయుచు కొంచెము సేద్యము చేసికొనువాడు. సంతానము 10 మంది, ఈమె మూడవది. బడికి పోయినది మూడేండ్లయినను నిండలేదు. యుక్తవయస్సు వచ్చుసరికి పరుల యిండ్లలో పనికి కుదిరి, లోడ్జి పట్టణమున దాసీవృత్తిచే కాలము గడపెను. మఠములో చేరుదునని తల్లిదండ్రులను వేడుకొన్నది కాని, పంపుటకు సొమ్ములేదని వారు నిరాకరించిరి.

సొమ్మెందుకని చదువరులడుగవచ్చును. నాటి మఠములలో ప్రవేశించు కన్య తన బట్టలు మొదలగు సామగ్రిని తానే తెచ్చుకొనవలయును. దానికి తగిన ధనము కావలయును. 1924వ సంవత్సరమున లోడ్జిలో నొక నాట్యవినోదమునకు పోయియుండగా, గాయములతో నిండిన క్రీస్తు తన ప్రక్కను నిలిచి ఇంకెంతకాలము జాగుచేయుదువని యడిగినట్లు తోచినదట. ఆ పిల్ల అటనుండి దేవాలయమునకు పోయి ప్రార్థించి, ఇంట చెప్పకయే, కట్టుబట్టలతో రైలెక్కి వార్సా నగరము చేరెను. అచట తట్టిన మఠద్వారములు పెక్కు ఆమెకు తెరువబడలేదు. తుదకు కరుణామాత కన్యాస్త్రీల సంఘమువారు చేర్చుకొందుమని యొప్పుకొనిరి గాని, సామగ్రికి వలయు సొమ్ము కూడబెట్టుకొని రమ్మనిరి. ఆమె మరియొక యేడు ఒకరింట పనిచేసి, కూలిడబ్బు కొంచెము కొంచెముగా మఠమున దాచి, 1925వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీని లోపల అడుగుపెట్టెను. వరుని యింటికి పోవుటకే కాక దేవుని యింటికి పోవుటకును కట్నము కావలసివచ్చినది! వరశుల్కమును దూషించుటలో మనమే మొనగాండ్రమనుకొందుము. ఆ దేశపు సంస్కర్తలకును పనిలేకపోలేదు.

మఠములోపల కూడ సమత్వము లేదు. ఆ సంఘమువారి పని శ్లాఘనీయమైనది. చెడుత్రోవ త్రొక్కినవారనిగాని దిక్కులేనివారనిగాని లోకము వెలివేసిన స్త్రీలను చేరదీసి, పనిపాటలు నేర్పి, మరల మంచిత్రోవను బెట్టుట. ఇట్టి శరణాలయములకై మన తెలుగు దేశమున పాటుపడినవారి శ్రమ నెరిగిన చదువరులకు దాని విలువ చెప్పనక్కరలేదు. అయితే ఆ పనిని నడపు సోదరీమణులలో రెండు తరగతులుండెను. చదువును ధనమును గలవారు మొదటి తరగతి. వారు బోధింతురు, పెత్తనము చేయుదురు. చదువులేనివారు రెండవ తరగతి. వారు వండుదురు, తోట త్రవ్వుదురు, వాకిలి కాయుదురు. హెలెనా 1926వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీని మఠవస్త్రములు ధరించి ఫౌస్తీనా యయ్యెను; రెండవ తరగతిలోనే యయ్యెను; మరణపర్యంతము అందులోనే యుండెను. ఆమె చూచితినన్న దర్శనములను విచారించునప్పుడు ఈ సంగతి మరువరాదు. పీఠాధిపతి కలగన్నచో శిష్యులు వ్రాసికొందురు. వంటమనిషి కలగన్నచో పొయ్యి చూచుకొమ్మందురు.

క్రాకో నగరపు మఠమున ఆమె నూతనశిష్యురాలుగా నున్నప్పటి యొక వృత్తాంతమును ఆమెయే తన దినచర్యలో వ్రాసికొనెను. దీనిని కొంచెము వివరముగా చెప్పుదుము. ఆమె వంతు వంటయింటిలో. ఉడికిన బంగాళాదుంపల పెద్ద గుండను వంచి నీరు వార్చుట ఆమె కప్పగింపబడినది. శరీరము దుర్బలము, గుండ మహాభారము. వార్చునప్పుడు ఒక్కొక్కమారు దుంపలలో సగము నేలపాలగుచుండెను. శిష్యురాండ్ర యజమానురాలితో మనవి చేసికొనగా, అలవాటగునులే యనెను. అలవాటు కాలేదు సరికదా బలహీనత నానాట హెచ్చెను. వార్చువేళ యగుసరికి ఆమె ప్రక్కకు తప్పుకొనుచుండెను. తోడివారది కనిపెట్టి వింతపడిరి, కారణమును మాత్రమెరుగరు. ఒకనాటి మధ్యాహ్నము ఆమె తన యశక్తతను గూర్చి దేవునితో మొరపెట్టుకొనగా, నేటినుండి నీకిది సులభమగునని లోపల మాట వినబడినదట. ఆ సాయంకాలము తానే ముందుగా పరుగెత్తి గుండ నెత్తి సునాయాసముగా వార్చెను. ఆవిరి పోవుటకు మూత తీసి చూడగా, దుంపలకు మారుగా ఎర్రగులాబీలు గుత్తులు గుత్తులుగా కనబడెను. ఆనాటినుండి వంతు తనది కానప్పుడు కూడ ఆ పని తానే చేయుటకు ముందు వచ్చుచుండెనట.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడీ కథను విని, ధైర్యము కలిగినంతనే బలము కలిగినది, ఇందులో వింతయేమి యనును. అననిండు, అందు సత్యముండవచ్చును. భక్తుడు కన్నుల నీరు పెట్టుకొనును. అదియు సహజమే. మాకు మాత్రము ఈ యిరువురును అడుగని ప్రశ్న యొకటి తోచుచున్నది. ఇద్దరు పట్టవలసిన గుండను ఒక్క పిల్లచేత నేల యెత్తించిరి? మోయలేకున్నానని నోరు విడిచి చెప్పినప్పుడు మరియొక చేయి సాయమిచ్చియున్న యెడల, గులాబీల యవసరము కలుగకపోయెడిదేమో. ఒకరి దర్శనమును వినుట యనగా అందలి దేవుని మాట నొక్కదానినే వినుట కాదు. ఆమె యప్పటి స్థితిని, చుట్టునున్నవారి నడతను కూడ వినుటయే. పూనకము వచ్చిన కోడలి మాటలలో దేవత యున్నదో లేదో మేమెరుగము గాని, అత్తవారింటి కథ మాత్రము తప్పక యుండును.

1931వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీ సాయంకాలమున, ప్లోత్స్కు పట్టణపు మఠములో, తన గదియందు ఆమె ముఖ్యదర్శనము పొందెను. తెల్లని వస్త్రము ధరించిన క్రీస్తు, ఒక చేయి దీవించుచు నెత్తి, మరియొక చేయి రొమ్మున నుంచి, అచటినుండి ఎర్రనిది యొకటియు పాలిపోయినది యొకటియు రెండు కిరణములు వెలువడ నిలిచెననియు, ఈ రూపమును చిత్రింపించి, నమ్మికను తెలుపు చిన్న ప్రార్థనవాక్యమును క్రింద వ్రాయుమని యాజ్ఞాపించెననియు ఆమె చెప్పెను. చిత్రలేఖనమన నెరుగని వంటకత్తెకు పటము వ్రాయింపుమను నాజ్ఞ! పాపసంకీర్తనము వినిన గురువు, నీ యాత్మయందు చిత్రించుకొమ్మని దీని యర్థమనెను. మఠాధికారిణి యొక గురుతు చూపుమనెను. సంగతి తెలిసిన సోదరీమణులలో కొందరు, దీనికి చిత్తచాంచల్యమనిరి. నలువైపుల నుండి ఇట్టి మాటలు వినుటచే ఆమెకే తన యనుభవముపై సంశయము కలిగి, లోపలి ప్రేరణలను తప్పించుకొనజూచెను. కీర్తికై కట్టుకథ లల్లువారి లక్షణమిది కాదని మాకు తోచుచున్నది. కట్టుకథవలన ఆమెకు దొరకినదేమున్నది? తోట మారినది, వంటయిల్లు మారినది; తరగతి మారలేదు.

ఇచట మన శాస్త్రకారులు కొంత తోడ్పడుదురు. వాత్స్యాయనుడు న్యాయభాష్యమున ఆప్తుని లక్షణమును చెప్పుచు, వస్తువును సాక్షాత్తుగా తెలిసికొనినవాడై, తెలిసికొన్నది తెలిసికొన్నట్లు ఇతరులకు చెప్పవలెనను కోరికతో మాటాడువాడు ఆప్తుడని నిర్ణయించి, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమని చేర్చెను. ఆ చివరి మాట మాకు మిక్కిలి ప్రియము. వక్త పుట్టుకను, మతమును, చదువును ఆ భాష్యకారుడు ప్రమాణముగా గొనలేదు. ఆ లెక్కను పోలండు దేశపు దాసీపిల్ల మాట వేదపండితుని మాటతో సమానముగా త్రాసునకెక్కవలసినదే. ఎక్కుట వేరు, తూగుట వేరు. సాక్షాత్తుగా తెలిసికొన్నదా, తెలిసికొన్నాననుకొన్నదా యనునది మిగిలియే యున్నది. త్రాడును పామని చూచి కేకవేసినవాడు అసత్యవాది కాడు. అయినను అచట పాము లేదు. యోగుల ప్రత్యక్షమును నైయాయికులంగీకరించిరి. ఇంద్రియములు తమ యెల్లను దాటలేవని మీమాంసకుడగు కుమారిలభట్టు దానిని త్రోసిపుచ్చెను. ఒకే వైదికమార్గమున నడచినవారే ఈ విషయమున నేకాభిప్రాయమునకు రాలేదు. కాబట్టి నమ్మకుండుట నాస్తికత యనియు, నమ్ముట తెలివితక్కువ యనియు తొందరపడి యనువారు తమ పూర్వులను సరిగా చదివినవారు కారు.

ఇంగ్లీషు చదివినవారు విలియం జేమ్స్ పండితుని నెరుగుదురు. ఆయన 1902వ సంవత్సరమున ప్రకటించిన మతానుభవములను గూర్చిన గ్రంథమున, ఇట్టి యనుభవము పొందినవారికి అది ప్రమాణమగుట న్యాయమే గాని, పొందనివారు దానిని విచారణ లేక యంగీకరింపవలసిన విధి లేదని తేల్చెను. శరీరమందలి యేదో వ్యాధినుండి పుట్టినదని చూపినంతమాత్రమున ఒక భావము విలువ పోదనియు వాదించెను. ఈ రెండును మాకు సమ్మతమే. కాని ఆయన పొందినవారికిని పొందనివారికిని నడుమ గోడ కట్టి యూరకున్నట్లు తోచును. ఒకే యింటిలో, ఒకే మఠములో, ఒకే పంక్తిని కూర్చుండు ఈ యిరువురు ఒండొరులయెడ నెట్లు మెలగవలయునో యను ప్రశ్నకు సమాధానము మనకు మరియొకచోట దొరకును.

అది విల్నా నగరమున దొరకినది. నాడు పోలండులోను నేడు లిథువేనియాలోను నున్న యా నగరమునకు ఫౌస్తీనా 1933వ సంవత్సరమున తోటపనికై పంపబడెను. అచట మఠమువారి పాపసంకీర్తనములు వినుటకు వచ్చు గురువు మైకేల్ సొపోచ్కో, విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ఆయన ఆమె మాటలను విని మ్రొక్కలేదు, నవ్వలేదు. ఆమె నడవడినిగూర్చి మఠాధికారిణి నడిగి తెలిసికొనెను. వైద్యునిచేత ఆమె మనఃస్థితిని పరీక్ష చేయింపవలెనని కోరెను. పరీక్షలో మతి స్వస్థముగనే యున్నదని తేలెను. చెప్పవలసినదంతయు సంకీర్తనవేళ విను తీరిక ఆయనకు లేదు. కావున వ్రాసి చూపుమనెను. బడిలో మూడేండ్లు కూడ నిండని యా స్త్రీ, పనిపాటల నడుమ దొరకిన నిమేషములలో, క్రమముగా 6 పుస్తకములు నింపెను. వైద్యుని పిలిపించుట అవమానమని కొందరికి తోచును. మాకట్లు తోచదు. వెర్రియని వెనుక గొణుగుటకంటె, ముందునకు వచ్చి పరీక్ష చేయించుట గౌరవము.

ఆమె దినచర్యకు సంబంధించిన యొక సంగతిని భక్తులు త్వరగా దాటిపోవుదురు గాని మేము దాటము. 1934వ సంవత్సరమున సొపోచ్కో పాలస్తీనా యాత్రకు పోయియున్నప్పుడు, దేవదూతగా తోచిన యొకరు వచ్చి చెప్పినందున ఆమె అంతవరకు వ్రాసినదంతయు కాల్చివేసెను. ఆయన తిరిగివచ్చి, అది దూత మాట కాదని, మరల మొదటినుండి వ్రాయుమనెను. ఆమె వ్రాసెను. నేడు దొరకు దినచర్యలో పూర్వమును పరమును అక్కడక్కడ కలిసిపోవుటకు కారణమిదియే. దీనివలన తేలునదేమి? ఆమెను పునీతురాలని కొలుచువారి లెక్కనైనను, ఆమె దర్శనములన్నియు దైవికములు కావు. ఒకటి మోసము. అయినచో రెండవది కాదని, పదవది కాదని యెట్లు నిశ్చయించుట? ఈ ప్రశ్నకు సూటియగు సమాధానము లేదని మా యభిప్రాయము. ఆమె నిజాయితీ ఆమె మాటకు నిజత్వము నీయజాలదు. ఆ గదిలో ఆ రాత్రి క్రీస్తు నిలిచెనని మేము నమ్మజాలము. నిలువలేదని సాక్ష్యమిచ్చుటకు మేమచట లేము.

అట్లయినచో సత్యాసత్యములు తేలని మాటయెడ మనము చేయదగినదేమి? మేము ముందుగా చూచునది, ఆ మాట నెరవేర్చు బరువు ఎవరి తలపై పడుచున్నదని. దేవత కనబడి పొరుగువాని బిడ్డను బలి యిమ్మన్నదని చెప్పినవాడు ఎంత నిజాయితీగా చెప్పినను, వానిని పట్టి కట్టివేయవలసినదే. విధవ జుట్టు తీయించుమని కలలో ఆజ్ఞ యైనదన్న మామగారితో ప్రమాణచర్చ అనవసరము. ఫౌస్తీనా విన్న యాజ్ఞలు పరులను పీడించునవి కావు. దేవుడు దయామయుడని చాటుము, దయ చూపుము, ప్రార్థింపుము, పటము వ్రాయింపుము, ఇంతియే. వీనిలోని బరువంతయు ఆమెపైననే పడెను.

ఇచటనే మరియొక చిక్కు గలదు. పరులను పీడింపని దర్శనము తన్ను తాను పీడించుకొమ్మనినచో నేమందుము? ఫౌస్తీనా తన బాధను పాపులకొరకు అర్పించుకొనుచు, దానిని కానుకగా భావించెను. ఆమెను లోలోపల క్షయవ్యాధి తినివేయుచుండెను. పనికి వెరచి రోగము నటించుచున్నదని తోడివారిలో కొందరు అనుమానించిరి. బాధను మధురమని పాడు భక్తి యొక ప్రక్కను, బాధను వేషమని త్రోయు కాఠిన్యము మరియొక ప్రక్కను చేరి, ఆ రోగిని వైద్యమునకు దూరముచేసినవని మేము చెప్పక తప్పదు. 1936వ సంవత్సరము డిసెంబరులో గాని ఆమెను క్రాకో సమీపమందలి క్షయరోగుల వైద్యశాలకు పంపలేదు. ఉపవాసములచే కృశించుచున్న మన యిండ్ల స్త్రీలను చూచి పుణ్యవతులని పొగడి యూరకుండు పురుషులు ఈ ఘట్టమును రెండుమారులు చదువవలయునని మా కోరిక.

వైద్యశాలనుండి తిరిగివచ్చిన పిమ్మట 1937వ సంవత్సరమున ఆమెకు క్రాకో మఠపు వాకిలి కాయు పని దొరకెను. ఒకనాడు చలి, వాన. చిక్కిపోయిన యువకుడొకడు, కాళ్ళకు చెప్పులు లేక, తలకు కప్పు లేక, చినిగిన బట్టలతో వచ్చి వేడిగా తినుటకేమైన పెట్టుమనెను. ఆమె వంటయింటికి పోగా పేదల వంతు అయిపోయినది. వెదకగా కొంచెము చారు దొరకెను. దానిని కాచి, అందు రొట్టె తుంచివేసి తెచ్చి యిచ్చెను. అతడు త్రాగి పాత్ర తిరిగి యిచ్చుచుండగా, తాను క్రీస్తునని తెలియజేసి అదృశ్యుడయ్యెనట. ఈ కథలో ముఖ్యమైనది తుదివాక్యమని భక్తులందురు. మేము దానికి ముందు వాక్యములయొద్ద నిలుతుము. చారు కాచినప్పుడు ఆమె ఎవరికొరకు కాచుచున్నదో ఎరుగదు. అతడు అదృశ్యుడు కాక, పెదవి తుడుచుకొని ఊరిలోనికి పోయియున్నను ఆ చారు చారే. వాని యాకలి యాకలియే. నవ్వువారు ఈ కథలో చెరపవలసినది ఒక్క వాక్యము. మిగిలినదానిలో వారు తప్పుపట్టదగినది లేదు.

1938వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీని, 33 ఏండ్ల వయస్సున, ఆమె మరణించెను. మఠమున పలువురకు ఆమె దర్శనముల సంగతి ఆమె పోయిన తరువాతనే తెలిసినది. పిమ్మటి కథను శీఘ్రముగా చెప్పుదుము. యుద్ధకాలమున ఆమె చెప్పిన కారుణ్యప్రార్థన పోలండంతట వ్యాపించెను. 1959వ సంవత్సరము మార్చి 6వ తేదీని రోమునందలి ధర్మాధికారులు, ఆమె చెప్పినట్టి పటములను, వ్రాతలను వ్యాపింపజేయరాదని నిషేధించిరి. క్రాకో పీఠాధిపతి యగు వొయ్తీవా 1965వ సంవత్సరమున ఆమె జీవితముపై విచారణ ప్రారంభింపజేసెను. మొదట ఈ వ్రాతలను భ్రాంతులని తలచిన రుజీత్‌స్కీ యను వేదాంతపండితుడు, వానిని మూలముతో చక్కగా చదివి విస్తారమైన పరిశీలన వ్రాసెను. రోముకు చేరిన ప్రతులును అనువాదములును దోషభూయిష్ఠములని తేలెను. 1978వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీని నిషేధము తొలగెను. ఆ యేడే అక్టోబరులో వొయ్తీవా రెండవ జాన్ పాల్ అను పేరున పోపు పీఠమెక్కెను. 2000వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీని ఆయనయే ఆమెను పునీతురాలిగా ప్రకటించెను.

పండ్రెండు నెలలకొక తీర్పు మార్చు న్యాయస్థానములను చూచి నవ్వువారు దీనిని చూచి కూడ నవ్వవచ్చును. 1959లో కూడదన్న సభయే 2000లో కొలువుమన్నది. 1931వ సంవత్సరపు ఆ రాత్రి గదిలో జరిగినదానిలో ఈ నడుమ నొక రవ్వయు మారలేదు. మేము నవ్వము. చదువకయో, చెడిన ప్రతిని చదివియో ఒక తీర్పు వచ్చినది. మూలము చదివిన తరువాత మరియొకటి వచ్చినది. స్వదేశీయుడు పీఠమెక్కుట ఆమెకు కలిసివచ్చిన మాటయు నిజమే; పెద్దల యండ లేని వంటయింటి సోదరి యింకొకతె ఇట్టి వ్రాతలనే ఏ పెట్టెలోనో విడిచిపోయి యుండిన, వానిని ఎలుకలు చదివియుండును.

ఈ కాలమున సొపోచ్కో యేమయ్యెను? ఆమె పోయిన తరువాత ఆమె మాటను లోకమునకు చేర్చుట తన పనిగా పెట్టుకొని ఆయన గ్రంథములు వ్రాసెను, ఉపన్యసించెను, నిషేధము వచ్చినప్పుడు దానికి లోబడెను. 1975వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీని బియావిస్తోక్ నగరమున మరణించెను. నిషేధము తొలగుటకు అప్పటికింకను మూడేండ్లున్నవి. 2008లో ఆయనను ధన్యుడని ప్రకటించిరి గాని, తాను విన్నది వినదగినదేనని పెద్దలొప్పుకొనుటను ఆయన చూడలేదు.

పటము సంగతి మిగిలియున్నది. సొపోచ్కో నివసించు భవనముననే కజిమిరోవ్‌స్కీ యను చిత్రకారుడు కాపురముండెను. 1934వ సంవత్సరము జనవరిలో అతడు పని మొదలుపెట్టెను. ఫౌస్తీనా పలుమారు పోయి, చేయి ఇట్లు కాదు, చూపు అట్లు కాదని చెప్పుచు దిద్దించెను. జూను మాసమునకు పటము పూర్తియైనది. దానిని చూచి ఆమె ప్రార్థనాలయమునకు పోయి, చూచిన సౌందర్యమెక్కడ ఇదియెక్కడ యని వెక్కి వెక్కి యేడ్చెను. రంగులలో గాని కుంచెలో గాని దీని గొప్పతనము లేదని ఓదార్పు వినబడినదట. ఆ మొదటి పటము నేడు విల్నా నగరమందే, విల్నియస్ అను నేటి పేరుగల యా యూరిలోనే, దివ్యకారుణ్యాలయమున నున్నది. లోకమున కతోలికుల యిండ్ల గోడలపై హెచ్చుగా కనబడునది అది కాదు. ఆమె మరణించిన యయిదేండ్లకు, 1943వ సంవత్సరమున, హీవా యను మరియొక చిత్రకారుడు క్రాకో మఠమునకు వ్రాసియిచ్చినది. దానిని ఆమె చూడలేదు.